సవరణ: వెండి నీళ్లకు మంచీ చెడూ తెలియదు

కొల్లాయిడల్ సిల్వర్ (సన్నని వెండి రేణువులు కలిపిన నీళ్లు) పేగుల్లోని చెడ్డ బ్యాక్టీరియానే చంపుతుందని, మంచివాటి జోలికి పోదని మొన్న రాశాను. తప్పు. అది చదివి కావలిలో మా పిన్ని సీసా తెప్పించుకోబోయిందని తెలిసి నాకు టెన్షన్ పట్టుకుంది.

వెండి అయాన్లు బ్యాక్టీరియా పైపొరనూ, ప్రొటీన్లలోని గంధకం భాగాలనూ పట్టుకుని దెబ్బతీస్తాయి. ఆ పొరా, ఆ ప్రొటీన్లూ పెరుగులోని లాక్టోబాసిల్లస్‌కూ ఉన్నాయి, విరేచనాలు తెచ్చే ఈ.కోలై రకాలకూ ఉన్నాయి. ఇక ఏరి చంపడం ఎక్కడిది?

ఇలాంటి మందులను సురక్షితమైనవిగా, పనిచేసేవిగా గుర్తించలేమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. చాలాకాలం తాగితే చర్మం నీలిబూడిద రంగుకు తిరగొచ్చు, ఆ రంగు సాధారణంగా పోదు. థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టడమూ తగ్గొచ్చు. పిన్ని రోజూ పొద్దున వేసుకునేది ఆ మాత్రే.