సవరణ: హాథార్న్ ప్రయోగాల గురించి

లీడర్‌షిప్, ఆర్గనైజేషనల్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో మొదట ఏం చదువుతారో చెప్పిన పోస్టులో, ఫ్యాక్టరీలో ఉత్పత్తి దేనివల్ల పెరుగుతుందో చూసిన హాథార్న్ ప్రయోగాల గురించి ‘లైట్లు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగింది, మనిషిని పట్టించుకుంటే చాలని ఎల్టన్ మేయో తేల్చాడు’ అన్న వాక్యం ఉంది. అందులో రెండు వేర్వేరు ప్రయోగాలు కలిసిపోయాయి. వాటిని విడదీసి చదువుకోండి.

షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ ఫ్యాక్టరీలో లైట్ల ప్రయోగాలు 1924 నుంచి 1927 వరకు జరిగాయి. హార్వర్డ్ ప్రొఫెసర్ మేయో అక్కడికి వచ్చిందే 1928లో. క్లాసులో ఎక్కువగా నలిగేది రెండోది: టెలిఫోన్ రిలేలు (చిన్న కరెంటు స్విచ్‌లు) బిగించే ఐదుగురు అమ్మాయిల్ని 1927లో వేరే గదిలో కూర్చోబెట్టి విరామాలు, పని గంటలు మార్చి చూశారు. ఉత్పత్తి పెరిగిన మాట నిజమే. కానీ జీతం లెక్క కూడా మార్చారు. పెద్ద విభాగం మొత్తాన్ని బట్టి కాకుండా, ఆ చిన్న గుంపు చేసిన పనిని బట్టి డబ్బులిచ్చారు. పైగా కబుర్లు ఎక్కువయ్యాయని ఇద్దర్ని మధ్యలో పంపేసి, వాళ్ల చోట వేరేవాళ్లను పెట్టారు. (ఆప్యాయంగా చూసుకున్నారనే కథలో ఈ సంగతి ఎందుకో కనిపించదు!)

కాబట్టి పరీక్షలో ‘శ్రద్ధ వల్లే పెరిగింది’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. జీతం, మనుషుల మార్పు, విరామాలు అన్నీ ఒకేచోట కలిసి ఉన్నాయి. దేని వాటా ఎంతో ఆ గది లెక్కలతో విడదీయడం కష్టం.

పోస్టులో ఆ వాక్యం మార్చాను. సామాజికవేత్త వెబర్, మనస్తత్వవేత్త మాస్లో గురించిన భాగాలు అలాగే ఉన్నాయి.