ఒక్క కోర్ మీద బుద్ధిమంతుడు, అన్నీ ఆన్ చేస్తే క్రాష్

రెండు ప్రాసెసర్ల మెషీన్ కదా పని చకచకా అయిపోతుందనుకున్నా, ఇప్పుడు నా పనల్లా దాన్ని రీస్టార్ట్ చేయడమే. బూట్ ఆప్షన్లలో మాక్స్‌సీపీయూస్=1 అని, అంటే ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల్లో (కోర్లలో) ఒక్కటే వాడమని పెడితే మూడ్రోజులైనా కిక్కురుమనదు, అది తీసేసి అన్ని కోర్లూ వదిలితే గంట తిరక్కుండా కెర్నెల్ పానిక్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయే చేతులెత్తేయడం. పోనీ ర్యామ్ పోయిందేమో అని రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టి పడుకున్నా, పొద్దున లేచి చూస్తే ఒక్క ఎర్రర్ లేదు. నిజం చెప్పాలంటే ఎర్రర్ వస్తే బాగుండు అనిపించింది.

క్రాష్ మెసేజ్ కోసం స్క్రీన్ ఫోటో తీద్దామంటే అసలు కావాల్సిన పై లైన్లు ఎప్పుడో పైకి వెళ్ళిపోయుంటాయి, అందుకే సీరియల్ కేబుల్ వేసి లాగ్ ఇంకో మెషీన్‌లో పట్టా. క్రాష్ ఓసారి సీపీయూ 2 మీద అంటుంది, ఇంకోసారి సీపీయూ 5 మీద. ఒకే చిప్ పాడైతే ఇన్ని చోట్ల తిరగదుగా, రెండు కోర్లు ఒకే డేటా మీద లాక్ (ఒకటి వాడుతుంటే ఇంకోదాన్ని ఆపే కట్టడి) లేకుండా పడుతున్నాయని నా అనుమానం. సరే అని డ్రైవర్‌లో కోడ్ ఎక్కడిదాకా నడిచిందో చూపించే నాలుగు ప్రింట్ లైన్లు పెట్టానా, టైమింగ్ మారిపోయి క్రాషే మాయం! తీసేశా, పదినిమిషాల్లో మళ్ళీ పడింది. ఇప్పుడు ఆ ప్రింట్లు అలాగే ఉంచి నడిపిస్తున్నా, సిగ్గుగానే ఉంది.