పీసా గోపురాన్ని మోస్తున్నది ఎవరు?

ఇటలీలో ఒక పక్కకు ఒరిగి నిలబడ్డ పీసా గోపురం ఇంకా పడిపోకుండా ఉందంటే అది ఇంజనీర్ల చలవేనని పుస్తకాల్లో రాస్తున్నారు. ఇంతకన్నా అన్యాయం మరొకటి లేదు. ఆ ఊరి పెద్ద చర్చి మైదానంలో ఒక్క పూట నిలబడితే ఎవరికైనా అసలు సంగతి తెలిసిపోతుంది. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా వందలాది పర్యాటకులు జీతం బత్తెం లేకుండా, పైగా సొంత డబ్బుతో విమానమెక్కి వచ్చి, రెండు చేతులూ చాచి ఆ గోపురాన్ని ఆపుతున్నారు.

అదేమంత తేలిక పని కాదు. భర్త గడ్డిలో కాళ్లు ఎడంగా పెట్టి, అరచేతులు గాల్లోకి చాచి, పళ్లు బిగించి నిలబడతాడు. కాస్త దూరంలో భార్య మోకాలి మీద కూర్చుని, ఫోను దాదాపు నేలకు ఆనించి, "ఇంకాస్త ఎడమకి... అంత కాదండీ! వేళ్లు గోడలోకి దూరిపోతున్నాయి" అని కేకలేస్తుంటుంది. పక్కనుంచి చూసేవాడికి అతను గాలిని నెడుతున్నట్టే ఉంటుంది. అతని పక్కన ఒక పెళ్లికూతురు, ఆమె పక్కన ఒక కాలేజీ ముఠా. ఎవరి వాటా గాలి వాళ్లది.

ఇక నిపుణుల ఘనత చూద్దాం. 1173లో పని మొదలుపెట్టారు. మూడో అంతస్తు దాకా వచ్చేసరికే మెత్తటి బంకమట్టిలో పునాది ఒక పక్కకు దిగబడింది. అదృష్టవశాత్తూ పీసా వాళ్లకు ఇరుగుపొరుగుతో యుద్ధాలొచ్చి పని దాదాపు వందేళ్లు ఆగిపోయింది. ఆ వందేళ్లలో అడుగున మట్టి తనంతట తాను గట్టిపడింది. ఆపకుండా కట్టుకుంటూ పోయుంటే అప్పుడే కూలిపోయేదని ఇంజనీర్లే ఒప్పుకుంటారు. అంటే ఆ గోపురానికి జరిగిన మొట్టమొదటి మేలు, మేస్త్రీలు దాని జోలికి వెళ్లకపోవడం. మళ్లీ వచ్చినవాళ్లు ఊరుకోలేదు. ఒరిగిన వైపు అంతస్తులు కాస్త ఎత్తు పెంచి సరిచేద్దామనుకున్నారు. ఒరిగిన గోపురం కాస్తా వంకర తిరిగిన గోపురమైంది.

1838లో గెరార్దెస్కా అనే ఆర్కిటెక్ట్‌కు, భూమిలోకి దిగిపోయిన అడుగు భాగాన్ని జనానికి చూపించాలనిపించింది. చుట్టూ తవ్వించాడు. నీళ్లు ఉబికాయి, గోపురం ఇంకాస్త ఒరిగింది. తర్వాత ఇటలీ నియంత ముస్సోలినీ వంతు. తన ఇటలీలో ఏదీ వంగి ఉండకూడదని కాబోలు, 1930లలో పునాదికి రంధ్రాలు వేయించి సిమెంటు ఎక్కించాడు. దేశమంతా చూసి వణికిన మనిషిని గోపురం లెక్కచేయలేదు, ఇంకాస్త ఒరిగింది. 1995లో నిపుణుల కమిటీ ద్రవ నైట్రోజన్‌తో నేలను గడ్డకట్టించబోతే మళ్లీ కదిలింది. హడావిడిగా, ఒరిగిన వైపుకు ఎదురుగా ఉన్న ఉత్తరం వైపు సీసం దిమ్మలు 600 టన్నుల నుంచి 900 టన్నులకు పెంచాల్సి వచ్చింది. గెలీలియో పైనుంచి గుండ్లు జారవిడిచాడని ఆయన శిష్యుడు రాశాడు. చరిత్రకారులు అంతగా నమ్మరు. నమ్మినా, పడేశాడనే తప్ప చెయ్యి అడ్డం పెట్టి ఆపాడని ఎక్కడా లేదు.

నిపుణులు ముట్టుకున్నప్పుడల్లా ఒరిగింది. పర్యాటకులు ముట్టుకుంటే? ఒక్క మిల్లీమీటరు ఒరిగినట్టు దాఖలా లేదు.

దీనికి గిట్టనివాళ్లు ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. 1990 జనవరిలో గోపురాన్ని మూసేశారు కదా, 2001 డిసెంబరు దాకా తెరవలేదు కదా, మరి సరిగ్గా ఆ రోజుల్లోనే గోపురం కొన సుమారు 40 సెంటీమీటర్లు వెనక్కి ఎలా వచ్చిందీ అని. కమిటీ వాళ్లేమో ఉత్తరం వైపు నేల అడుగునుంచి మట్టి కొద్దికొద్దిగా తీయడం వల్లే అంటారు. అయ్యా, లోపలికి వెళ్లే దారి మూసేస్తే జనం ఎక్కడుంటారు? బయట గడ్డిలో ఉంటారు. అంతకుముందు సగం మంది పైకెక్కి బరువు పెంచేవాళ్లు, ఆ పన్నెండేళ్లూ అందరూ కిందే నిలబడి నెట్టారు. రాదా మరి? సుమారు 14,500 టన్నుల బరువు, ఉత్త మట్టి తీస్తే కదులుతుందా?

ఇప్పుడు మళ్లీ ఎక్కనిస్తున్నారు. టైము రాసిన టికెట్టు కొని, బ్యాగు కింద అప్పగించి, 250కి పైగా మెట్లెక్కాలి. గుండ్రంగా తిరిగే మెట్ల మీద ఒక చోట ఈ గోడకు, మరో చోట ఆ గోడకు ఒరిగిపోతాం. పాలరాతి మెట్లు కూడా జనం ఎటు ఒరిగితే అటే అరిగిపోయి ఉంటాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు, ప్రమాదమట. అదే పిల్లలు బయట పొద్దస్తమానం గోపురాన్ని మోస్తుంటే పట్టించుకునే కార్మిక శాఖ అధికారి ఒక్కడూ లేడు.

అందుకని ఇటలీ ప్రభుత్వం వారికి మనవి. మోసేవాళ్లకు రోజు కూలీ, మెడ నొప్పికి మందులు, ఫోటో తీసేవాళ్లకు సూపర్‌వైజర్ హోదా ఇవ్వాలి. పని గంటలు కూడా ఖరారు చేయాలి. పొద్దుగూకాక వెలుతురు చాలక అందరూ హోటళ్లకు వెళ్లిపోతున్నారు, రాత్రి షిఫ్టుకు దిక్కులేదు. అలాగే ఈ మధ్య కొందరు కుర్రాళ్లు చేతులు పెట్టడం మానేసి, ఫోటోలో పడదోస్తున్నట్టు కనపడాలని కాలెత్తి తంతున్నారు. వాళ్ల మీద మాత్రం కేసు పెట్టి, టికెట్టు డబ్బులు కూడా వాపసు ఇవ్వకూడదు.