ట్రకీ దాకా వెళ్ళి ఏం చూసి వస్తున్నాం?

మొన్నటి మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో, కార్యక్రమాల పట్టికలో ఉన్న ఒక అంశం జరగలేదు. భోజనాల హడావుడిలో చాలామంది గమనించి ఉండరు. పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి, మన తెలుగు తరగతుల్లోనే అక్షరాలు దిద్దుకున్న పిల్ల, కాలిఫోర్నియా కొండల్లోని ట్రకీ ఊరి గురించీ, ఆ కొండలకి రైలు తెచ్చిన చైనా కూలీల గురించీ తెలుగులో మాట్లాడతానని పేరిచ్చింది. పట్టుపరికిణీ కట్టుకుని, అట్టముక్కలతో చేసిన సొరంగం నమూనా పట్టుకుని తెర పక్కన నిలబడింది. సన్మానాలు సాగాయి, స్పాన్సర్ల ప్రసంగాలు సాగాయి, చివరికి మైకులో "సమయాభావం వల్ల" అన్న మాట వినిపించింది. అంతవరకూ సర్దుకోవచ్చు. ఆ తర్వాత కమిటీ పెద్దాయన ఒకరు, పిల్లని ఓదార్చాలనే, "పోనీలేమ్మా, పండగ పూట చైనావాళ్ళ చావుల గొడవ మనకెందుకు? వచ్చేసారి చక్కగా ఒక కీర్తన పాడు" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నన్నింకా వదల్లేదు.

అదే సాయంత్రం, అదే తెరమీద, జనవరిలో వెళ్ళిన మన మంచు యాత్ర ఫోటోలు వేసుకున్నాం. ట్రకీ రైలు డిపో ముందు బ్యానరు పట్టుకుని నిలబడ్డ వంద మందిమి. 1846–47 చలికాలంలో ఆ మంచులో చిక్కుకుని చాలామంది చనిపోయిన డానర్ వలస బృందం స్మారకం దగ్గర పిల్లలు, బస్సులో అంత్యాక్షరి, మంచులో ఆవకాయ అన్నం. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ ఆనందంగానే కొట్టాను. ఆ ఊరు మన ఫోటోలకి వెనక తెరగా పనికొచ్చింది కానీ, ఆ ఊరి కథకి మన వేదిక మీద చోటు లేకపోయింది.

నిర్వాహకుల కష్టం నాకు తెలుసు. స్కూలు ఆడిటోరియం పదింటికి ఖాళీ చెయ్యాలి, లేదంటే అదనపు అద్దె. పిల్లల డాన్సు ఒకటి తీసేస్తే ముప్పైమంది తల్లిదండ్రులకి కోపం. డబ్బిచ్చినవాళ్ళని వేదిక ఎక్కించకపోతే వచ్చే ఏడాది పులిహోర కూడా ఉండదు. ఇదంతా జీతం తీసుకోకుండా, ఆఫీసు అయ్యాక చేస్తున్న పని. కాబట్టి సమయం గురించి కాదు నా బాధ. "మనకెందుకు" అన్న మాట గురించి.

ఆ ఊరేమిటో కొంచెం చెప్పనివ్వండి. సియెర్రా నెవాడా కొండల్లో 5,800 అడుగుల ఎత్తున, పదహారు వేల పైచిలుకు జనం ఉన్న చిన్న ఊరు ట్రకీ. ఈ రోజుకీ కాలిఫోర్నియా జెఫర్ రైలు ఆగుతుంది. దేశం ఆ చివర నించి ఈ చివరకి పట్టాలు కలపాలని సెంట్రల్ పసిఫిక్ కంపెనీ శాక్రమెంటో నించి బయల్దేరినప్పుడు అడ్డం నిలబడ్డది ఈ కొండలే. డానర్ కనుమ దగ్గర ఆరో నంబరు సొరంగం ఒక్కటే 1,659 అడుగులు, అంతా గట్టి నల్లరాయిలాంటి గ్రానైట్. రెండు కొసల నించీ తొలుస్తూ, నడిమధ్యన నిలువు బావి తవ్వి అక్కణ్ణించి ఇటూ అటూ తొలిచారు. అయినా కొన్నాళ్ళు రోజుకి ఒక్క అడుగు కూడా సాగలేదు. నైట్రోగ్లిజరిన్ అక్కడికక్కడే తయారుచేసి పేల్చారు. 1866–67 చలికాలంలో మంచుచరియలు గుడారాల మీద పడితే, కొందరి శవాలు మంచు కరిగాక గానీ దొరకలేదు. ఆ కూలీల్లో అత్యధికులు చైనా నించి, ముఖ్యంగా గ్వాంగ్‌డాంగ్ పల్లెల నించి వచ్చినవాళ్ళు. ఎంతమంది చనిపోయారో కంపెనీ లెక్క రాయలేదు.

కిందటి ఏడాది సెప్టెంబరులో మా మామయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన వాల్తేరు డివిజన్‌లో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాలు చూసుకునే ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం కొత్తవలస–కిరండూల్ లైను మీదే. చిమిడిపల్లి, బొర్రా గుహలు, శిమిలిగుడ అని ఆయన స్టేషన్ల పేర్లు చెబుతుంటే మా పిల్లలు అవేవో చుట్టాల ఊర్లనుకునేవాళ్ళు. వానాకాలం వస్తే ఆయనకి నిద్ర ఉండేది కాదని అత్తయ్యగారు ఇప్పటికీ అంటారు. కొండచరియ జారిందని రాత్రి కబురొస్తే గ్యాంగుని తీసుకుని ట్రాలీ మీద వెళ్ళిపోయేవారట.

గోల్డెన్ గేట్ బ్రిడ్జి చూపిస్తే "బాగుందమ్మా" అని ఊరుకున్న మనిషి, డానర్ కనుమ దగ్గర పాత నలభయ్యో నంబరు రోడ్డు పక్కన కారు దిగి పైకి చూసి కదల్లేదు. ఏడో సొరంగానికీ ఎనిమిదో సొరంగానికీ మధ్య లోయని పూడ్చి, మీద రైలు నడవడానికి కట్టిన రాతిగోడ అది. అందరూ చైనా వాల్ అంటారు. సుమారు 75 అడుగుల ఎత్తు. మోకాళ్ళ నొప్పితో, మా అబ్బాయి భుజం పట్టుకుని, బండల మీదుగా గోడ దాకా ఎక్కారు. రాయికీ రాయికీ మధ్య వేళ్ళు పెట్టి చూశారు. "సున్నం లేదు, సిమెంటు లేదు. ఉత్త పేర్పు. రాయి ముఖం చూసి పేర్చారు. దీని మీద ఎన్నాళ్ళు నడిచాయి బళ్ళు?" అని అడిగారు. 1868 నించి 1993 దాకా అని చెప్పాను. ఆ ఏడాది ఈ పాత దారి పట్టాలు తీసేసి, బళ్ళన్నిటినీ 1925 నాటి పెద్ద సొరంగం వైపు మళ్ళించారు. నూట పాతికేళ్ళ పాటు సరుకు బళ్ళ బరువు మోసిన గోడ. ఆయన తలూపుతూ చాలాసేపు ఊరుకున్నారు.

సొరంగం నోటి దగ్గర రాతిలో సగం చీలి మిగిలిపోయిన గుండ్రటి గాడులు కనబడతాయి. తూటా మందు కూరడానికి తొలిచిన కన్నాలవి. మామయ్యగారు మనవడి చెయ్యి పట్టుకుని ఆ గాడిలో వేలు పెట్టించి చెప్పారు. "ఇది మిషను పని కాదురా. ఒకడు ఉలి పట్టుకుని తిప్పుతూ కూచోవాలి, ఇద్దరు మార్చి మార్చి సమ్మెట వెయ్యాలి. గురి తప్పితే పట్టుకున్నవాడి చెయ్యి పోతుంది." తర్వాత నావైపు తిరిగి, "వీళ్ళ పేర్లు ఎక్కడ రాశారమ్మా?" అన్నారు. మేం చూసినంత మేర గోడల మీద రంగు డబ్బాలతో రాసిన ప్రేమికుల పేర్లే ఉన్నాయి.

కింద డానర్ సరస్సు ఒడ్డున పులిహోర, పెరుగన్నం తింటూ ఆయన తన గ్యాంగుమన్ల గురించి చెప్పారు. అరకు రైలు ఎక్కిన ప్రతివాళ్ళూ యాభై ఎనిమిది సొరంగాలు లెక్కపెడతారు, జపాను సాయంతో ఇనప ఖనిజం కోసం వేసిన లైను అంటారు, ఆ సొరంగాలు తొలిచిన కూలీ పేరు ఒక్కటి కూడా చెప్పలేరు అన్నారు. పాలమూరు మేస్త్రీల గురించి కూడా ఆయనే ఎత్తారు. ఊళ్ళో అప్పుకి గుత్తగా మాట్లాడుకుని, దేశంలో ఏ మూల ఆనకట్ట కడుతున్నా అక్కడికి తీసుకుపోయిన కూలీలు. డానర్ కొండ మీద చైనా కూలీలు కూడా ముఠాలుగా, ముఠాకి ఒక పెద్దతో ఉండేవారని చెబితే ఆయనకి వేరే వివరణ అక్కర్లేకపోయింది. అదే పద్ధతి.

"చవగ్గా పనిచేసి తెల్లవాళ్ళ కడుపు కొట్టారు, అందుకే జనానికి కోపం వచ్చింది" అని ఉగాది రోజు భోజనాల దగ్గర ఒకాయన అన్నారు. ఆ కోపం నిజమే, పొట్ట తిప్పల్లోంచి వచ్చిందే. కానీ చవగ్గా పనిచెయ్యాలన్నది వాళ్ళ కోరికా? 1867 జూన్‌లో వేల మంది చైనా కూలీలు పని ఆపి, తెల్ల కూలీలతో సమానంగా జీతమూ తక్కువ పనిగంటలూ ఇవ్వమని అడిగారు. తెల్ల కూలీకి తిండి కంపెనీదే. వీళ్ళు సొంతంగా కొనుక్కోవాలి. కంపెనీ తరఫున చార్లెస్ క్రాకర్ కొండ మీదకి తిండి సరుకులు వెళ్ళకుండా ఆపేశాడు. వారంలో సమ్మె ముగిసింది. తక్కువకి దొరుకుతారన్న నింద ఈ రోజు ఎవరి మీద ఉందో, హెచ్1బి కాగితాలు పట్టుకుని తిరిగిన మనకి ఇంకొకరు చెప్పాలా?

రైలు పని అయిపోయాక చాలామంది ట్రకీలోనే ఉండిపోయారు. కట్టెలు కొట్టారు, బట్టలు ఉతికారు, వంటలు చేశారు, కొట్లు పెట్టుకున్నారు. 1876లో ట్రకీ పక్కనే ట్రౌట్ క్రీక్ వాగు దగ్గర రాత్రిపూట వాళ్ళ గుడిసెలకి నిప్పుపెట్టి, బయటికొచ్చినవాళ్ళ మీద కాల్పులు జరిపారు, ఒకతను చనిపోయాడు. ఒక్కరికీ శిక్ష పడలేదు. నిందితుల తరఫు లాయర్లలో చార్లెస్ మెక్‌గ్లాషన్ ఒకడు. డానర్ బృందం చరిత్ర రాసి పేరు తెచ్చుకున్నది ఆయనే. 1878లో చైనాటౌను కాలిపోతే వాళ్ళని నది అవతలకి పంపారు. 1882లో కాంగ్రెసు చైనా కూలీలు ఈ దేశంలోకి రాకుండా చట్టం చేసింది. 1885–86 చలికాలంలో అదే మెక్‌గ్లాషన్ ముందుండి వెలి నడిపించాడు. చైనావాళ్ళకి పని ఇవ్వకూడదు, వాళ్ళకి అమ్మకూడదు, వాళ్ళ దగ్గర కొనకూడదు, అలా చేసినవాళ్ళతో కూడా వ్యాపారం చెయ్యకూడదు. కత్తి ఎత్తకుండా, ఆకలితో ఊరు ఖాళీ చేయించడం. దీనికి ట్రకీ పద్ధతి అని పేరొచ్చి చుట్టుపక్కల ఊళ్ళు ఆదర్శంగా తీసుకున్నాయి. వెలివెయ్యడం అంటే ఏమిటో తెలుగు పల్లెల్లో పెరిగినవాళ్ళకి బాగా తెలుసు. కరంచేడు, చుండూరు గుర్తున్నవాళ్ళకి మరీ తెలుసు.

ఇది కొండ మీది ఊరి సంగతి మాత్రమే కాదు. మనం చాట్ తినడానికి వెళ్ళే శాన్ హోసేలో 1887 మే 4న మార్కెట్ స్ట్రీట్ చైనాటౌనుని కాల్చేశారు. 2021లో ఆ నగరం క్షమాపణ చెప్పింది.

ఇక మన ఇంటి సంగతి. మా అమ్మ తరఫు ముత్తాత కళింగపట్నం వైపు నించి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళి ఓడరేవులో మూటలు మోశాడు. 1930 మేలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకుని, సమ్మె అవగానే మళ్ళీ వాళ్ళని తీసేశారు. దాంతో రేగిన గొడవల్లో మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. కంపెనీలు ఏమీ నష్టపోలేదు. 1942లో జపాను బాంబులకి జనమంతా కాలినడకన అడవుల్లో పడి వచ్చారు. ఆ ముత్తాత వచ్చాడు, ఆయన తమ్ముడు రాలేదు. ఉత్తరాంధ్రలో ఇలాంటి ఇళ్ళు లెక్కలేనన్ని.

2017లో కాన్సస్‌లో "నా దేశంలోంచి పో" అని అరుస్తూ మన తెలుగు ఇంజనీరుని కాల్చి చంపినప్పుడు మనం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. ఆ రోజు మన పక్కన నిలబడ్డవాళ్ళలో చైనా, జపాను కుటుంబాల పిల్లలు ఉన్నారు. వాళ్ళెవరూ "మనకెందుకు" అనుకోలేదు.

మన పిల్లలు నాట్యం చెయ్యాలి, కీర్తనలు పాడాలి, పంచాంగ శ్రవణం వినాలి. సన్మానం శాలువా కప్పినప్పుడు పెద్దవాళ్ళ కళ్ళలో వచ్చే వెలుగు నాకూ ఇష్టమే. కానీ ఇక్కడ పుట్టిన పిల్ల, తను నడిచే నేల గురించి తెలుగులో ఆలోచించి, తెలుగులో రాసుకుని వచ్చింది. ఇన్నేళ్ళుగా తెలుగు తరగతులు నడుపుతున్నది ఇందుకు కాకపోతే మరి దేనికి? ఆ అంశాన్ని దీపావళికి మొదటి గంటలో, హాలు నిండుగా ఉన్నప్పుడు పెట్టమని కమిటీని వేడుకుంటున్నాను. స్పాన్సరు ప్రసంగాలకి ముందు పెట్టండి.

జనవరి మంచు యాత్ర మానొద్దు. బస్సు ఒక గంట ముందు బయల్దేరితే చాలు. ట్రకీలో నదికి దక్షిణాన, 1878 నాటి ఇటుకల కట్టడం ఒకటి మిగిలింది. ఒకప్పుడు చైనా మూలికల దుకాణం. ఆ చైనాటౌనులో నిలిచి ఉన్నది అదొక్కటే. డిపోలో ఫోటో అయ్యాక నడిచే దూరమే. డానర్ పార్కు సందర్శకుల భవనంలో ఈ కూలీల గురించిన ప్రదర్శన ఉంది, చలికాలంలో చంటిపిల్లలతో కూడా చూడొచ్చు. మామయ్యగారు జనవరికి మళ్ళీ వస్తున్నారు. సొరంగం ఎలా తొలుస్తారో తెలుగులో పిల్లలకి చెబుతానన్నారు. బస్సులో అంత్యాక్షరి మొదలుపెట్టే ముందు ఒక అరగంట మైకు ఆయన చేతికివ్వండి.