ఒప్పందాలు చదివించని విదేశాంగ పాఠం

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వారిలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ఒకరు. తుపాకులు ఉండి కూడా మనవాళ్లు ఎందుకు కాల్చలేదని అప్పుడు ఎందరో అడిగారు. జవాబు రహస్యమేమీ కాదు. వాస్తవాధీన రేఖకు, అంటే సరిహద్దు తేలని చోట ఇరు దేశాల అధీనంలోని ప్రాంతాలను విడదీసే గీతకు, రెండు కిలోమీటర్ల లోపల ఏ పక్షమూ కాల్పులు జరపరాదని 1996 నవంబరులో భారత్, చైనా రాసుకున్న ఒప్పందంలోని ఆరో అధికరణం చెబుతోంది. రాజనీతిశాస్త్రం చదివిన డిగ్రీ విద్యార్థి ఆ సంగతి ఇంట్లోవారికి విడమరిచి చెప్పగలగాలి. చెప్పలేకపోతే తప్పు అతనిది కాదు. ఆ ఒప్పందాన్ని అతనిచేత ఎవరూ చదివించలేదు.

మన విశ్వవిద్యాలయాల్లో అంతర్జాతీయ సంబంధాల పాఠం చాలాచోట్ల నిర్వచనాల దగ్గరే ఆగిపోతోంది. వాస్తవికవాదం, ఉదారవాదం, అధికార సమతౌల్యం, అలీన విధానం లక్షణాలు. ఇవి అక్కర్లేదని మేము అనడం లేదు. సిద్ధాంతం తెలియనివారికి ప్రపంచ రాజకీయం రోజువారీ వార్తల కుప్పలాగే కనిపిస్తుంది. అయితే సిద్ధాంతాన్ని దేనిమీద పరీక్షించాలో ఆ సరుకు విద్యార్థి ముందు లేదు. దేశాలు నిజంగా ఏం రాసుకున్నాయో, ఏది రాయకుండా వదిలేశాయో చూడనివారికి విదేశాంగ విధానం అర్థమయ్యే దారి లేదు.

శాంతియుత సహజీవనం కోసం భారత్, చైనా రాసుకున్న పంచశీలనే తీసుకుందాం. ఇంటర్మీడియట్ నుంచి ఎం.ఏ. దాకా ఆ ఐదు సూత్రాలను వల్లె వేయించని తరగతి లేదు. అవి మొదట ఏ పత్రంలో ఉన్నాయని అడగండి. 1954 ఏప్రిల్ 29న బీజింగ్‌లో సంతకాలైన ఆ పత్రం ఒక వాణిజ్య ఒప్పందం. టిబెట్‌తో వర్తకం, రాకపోకల గురించినది. ఐదు సూత్రాలు దాని పీఠికలో మాత్రమే ఉన్నాయి. లోపల ఉన్నవి వర్తక కార్యాలయాలు, సంతలు, కైలాస మానససరోవర యాత్రికులు, వారు దాటవలసిన ఆరు కనుమల పేర్లు. షిప్కీలా నుంచి లిపులేఖ్ దాకా ఆ కనుమలను వరుసగా రాశారు కానీ, సరిహద్దు ఎక్కడన్నది రాయలేదు. పేరులోనే ‘చైనాలోని టిబెట్ ప్రాంతం’ అన్న మాట ఉంది. యాటుంగ్, గ్యాంత్సేలలో ఉన్న మన సైనిక రక్షణ దళాలను ఆరు నెలల్లో ఉపసంహరిస్తామని, తపాలా, తంతి సదుపాయాలను అప్పగిస్తామని దానితోపాటు ఇచ్చిపుచ్చుకున్న లేఖల్లో ఒప్పుకున్నాం. ఒప్పందం గడువు ఎనిమిదేళ్లు. అది 1962 జూన్‌లో తీరిపోయింది. అక్టోబరులో యుద్ధం వచ్చింది.

ఇదంతా ముందు పెట్టి, కనుమల పేర్లు రాయడమంటే సరిహద్దును ఒప్పుకోవడమేనా అని అడిగితే తరగతి గది దద్దరిల్లుతుంది. నెహ్రూ చేసింది సరైనదేనని ఒకరు, కాదని ఇంకొకరు వాదిస్తారు. ఇద్దరూ కాగితం మీది మాటలను వేలుపెట్టి చూపించవలసి ఉంటుంది. ఐదు సూత్రాలను వరుస తప్పకుండా అప్పజెప్పిన విద్యార్థికి ఈ అవకాశం రాదు. టీవీ చర్చల్లో వినిపించే కేకలకూ, చదువుకున్నవారి వాదానికీ తేడా పుట్టవలసింది ఇక్కడే.

విదేశాంగ విధానం ఢిల్లీ వ్యవహారమని అనుకునే రోజులు మన పల్లెల్లో ఎప్పుడో పోయాయి. రష్యా నుంచి చమురు కొంటున్నందుకు వేసిన అదనపు 25 శాతంతో కలిపి, 2025 ఆగస్టు 27న భారత సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. భీమవరం రొయ్యల రైతు చెరువు గట్టు మీద నిలబడి కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్నిబట్టి కట్టే ధర) ఎంతకు పడుతుందోనని లెక్క వేసుకోవలసి వచ్చింది. గల్ఫ్‌కు వెళ్లే కార్మికులకు ఇవ్వవలసిన కనీస వేతనాన్ని కేంద్రం 2020 సెప్టెంబరులో తగ్గించింది. నిరసనల తరువాత మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో అది ఎన్నో కుటుంబాల నెలసరి జీతం సంగతి. పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారన్న ఆరోపణతో 2018లో పట్టుబడిన 20 మంది ఉత్తరాంధ్ర మత్స్యకారులు వాఘా దాటి ఇంటికి వచ్చేసరికి 2020 జనవరి వచ్చింది. ఆ మత్స్యకారుల పిల్లలు, ఆ కార్మికుల పిల్లలు, ఆ రైతుల పిల్లలు మన డిగ్రీ కళాశాలల్లోనే ఉన్నారు. పాఠం వారి ఇంటి దగ్గర మొదలైతే జాతీయ ప్రయోజనం అన్న మాటకు ఎవరి ప్రయోజనం, ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్నలు వారంతట వారే వేస్తారు.

ఇక భాష. జిల్లాల్లో ఎందరో విద్యార్థులు ఈ సబ్జెక్టును తెలుగులోనే అర్థం చేసుకుంటారు. ఒప్పందాల ప్రతులు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో దొరుకుతాయి. ఆ ఇంగ్లీషు న్యాయశాస్త్రపు ఇంగ్లీషు. చదవబోయినవారు రెండో పేరాలోనే మూసేస్తారు. ఇక్కడ పీవీ నరసింహారావు గుర్తుకొస్తారు. 1968 నుంచి 1974 వరకు, తెలుగులో ఉన్నత విద్య పుస్తకాలు తెచ్చే తెలుగు అకాడమీకి అధ్యక్షుడు ఆయనే. వాస్తవాధీన రేఖ వెంట శాంతి కోసం 1993 సెప్టెంబరులో చైనాతో తొలి ఒప్పందం కుదిరింది ప్రధానిగా ఆయన బీజింగ్ వెళ్లినప్పుడే. తెలుగులో ఉన్నత విద్య సాధ్యమని నమ్మిన మనిషి హయాంలో కుదిరిన ఒప్పందాన్ని తెలుగు విద్యార్థి తెలుగులో చదవగలగాలి. రెండు రాష్ట్రాల అకాడమీలు కలిసి యాభై ముఖ్య పత్రాలను, వివరణలతో సహా తెలుగులోకి తేవడం పెద్ద ఖర్చు కాదు. సిమ్లా ఒప్పందం, సింధు జలాల ఒప్పందం, అమెరికాతో అణు ఒప్పందం వాటిలో ఉండాలి.

హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణం పక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. అక్కడ అరబ్బీ, చైనీస్, రష్యన్ బోధిస్తారు. ఉస్మానియాలో అంతర్జాతీయ సంబంధాలు చదివే విద్యార్థి పక్క ప్రాంగణంలో ఒక భాష నేర్చుకుంటే ఆ మార్కులు అతని డిగ్రీలో కలవాలి. ఇద్దరు ఉపకులపతులు కూర్చుని మాట్లాడుకుంటే తేలే విషయమిది. తిరుపతిలోని ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం వంటి సంస్థలకు శాశ్వత అధ్యాపకులను ఇవ్వడం మాత్రం ప్రభుత్వాల పని. ఏడాదికోసారి ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని అతిథి అధ్యాపకుడు కొత్త పాఠం తయారు చేసుకోవాలని ఆశించడం అన్యాయం.

వీటన్నిటికంటే ముందుగా, రూపాయి ఖర్చు లేకుండా మార్చదగినది ప్రశ్నపత్రం. ‘అలీన విధానం లక్షణాలను వివరింపుము’ అన్న ప్రశ్నను ఈ ఏడాది పక్కన పెట్టండి. 1954 ఒప్పందంలో కనుమల పేర్లున్న నాలుగో అధికరణాన్ని ప్రశ్నపత్రం మీదే అచ్చువేసి, సరిహద్దు గురించి ఇందులో ఏముంది, ఏది లేదు, ఎందుకు లేదు అని అడగండి. అలాంటి ప్రశ్న ఒక్కసారి వస్తే, మరుసటి ఏడాది కోఠి దుకాణాల్లో గైడ్ల పక్కన ఆ ఒప్పందం ప్రతి కూడా అమ్మకానికి కనిపిస్తుంది.