కృష్ణాలో వాటా సరే, బోరు నీళ్ల లెక్కేదీ?

కృష్ణాలో 811 టీఎంసీలకు ఏపీకి 512, తెలంగాణకు 299 అన్న తాత్కాలిక పంపకం మీద పదేళ్లుగా నడుస్తున్న రచ్చ అందరికీ తెలిసిందే. ఒక్క టీఎంసీ అటూ ఇటూ అయితే చాలు, మంత్రులు మైకుల ముందుకొస్తారు. కాళ్ల కింద ఖాళీ అవుతున్న నీళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

భూమ్మీది నీళ్లలో మంచినీళ్లు మూడు శాతం కూడా లేవు. వాటిలో మూడింట రెండొంతులు మంచుగా గడ్డకట్టి ఉన్నాయి. మిగిలినదాంట్లో దాదాపు అంతా భూగర్భజలమే. ప్రపంచంలోని నదులన్నీ కలిపినా దాని ముందు పిసరంత. మనం కొట్లాడుకునేది ఆ పిసరు కోసం.

తెలంగాణ, రాయలసీమల్లో నేల కింద ఎక్కువగా గట్టి రాయి. పైనున్న మెత్తబడిన పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే నీళ్లు నిలుస్తాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. బోరు బండి వచ్చిన రాత్రి చూడాలి. కొబ్బరికాయతో పాయింట్ పెట్టించుకున్న చోట తెల్ల దుమ్ము లేస్తూనే ఉంటుంది, అడుగుకింతని బిల్లు పెరుగుతుంటుంది, దుమ్ము తడవదు. ‘ఇంకో వంద అడుగులు పోదాం’ అంటాడు బండివాడు. పడితే రెండించుల నీళ్లు. అవీ చాలాసార్లు పక్క చేను బోరువే.

పక్క రైతు అడగలేడు. నేల ఎవరిదో కింది నీళ్లూ వాళ్లవేనన్న పద్ధతి 1882 ఈజ్‌మెంట్స్ చట్టం నాటి నుంచి పాతుకుపోయింది. నా కోపమంతా దీని మీదే. పట్టా ఉంటే ఎంతైనా తోడొచ్చు, సెంటు భూమి లేని కూలీకి చుక్క వాటా లేదు. నగర శివార్లలో పంట మానేసి బోరు నీళ్లు ట్యాంకర్లకు అమ్ముకునేవాళ్లను ఆపేదెవరు? చెరువు శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, ప్లాట్లయిందీ ఈ పట్టా పిచ్చితోనే.

‘కాలువ రాని రైతు బోరు వేయక ఏం చేస్తాడు, ఉచిత కరెంటు తీసేయమంటావా?’ అని అడుగుతారు. అనను. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటోస్టార్టర్‌ను రైతు బిగించేది తాను ఆపితే పక్కవాడు తోడేస్తాడన్న టెన్షన్‌తో. అందరి లెక్కా అందరికీ తెలిస్తేనే అది తగ్గుతుంది. ఉమ్మడి ఏపీ కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు కింద రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం చూసి, ఊరి నీళ్ల బడ్జెట్ వేసి యాసంగి పంటలు ఎంచుకున్నారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం కొత్త బోరుకు అనుమతి ఉండాలంది. ఆ కాగితం అడిగే బోరు బండ్లెన్ని? యాసంగి నాట్లకు ముందు గ్రామసభలో నీటిమట్టం బోర్డు మీద రాయించడానికి ట్రిబ్యునల్ తీర్పు అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు.