మోకాలి వదులు ఎన్ని మిల్లీమీటర్లు? ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి?

మోకాలి కింది ఎముకను ముందుకు లాగితే ఎంత జారుతుందో కొలిచిన అంకె ఇది. ఒకరి మోకాలి రిపోర్టులో 9 మిల్లీమీటర్లని, ఇంకొకరి రిపోర్టులో 6 అని ఉందనుకుందాం. లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే కణజాలం) తెగింది ఎవరికి? ఈ రెండంకెలతో తేలదు. 9 వచ్చినాయన బాగున్న కాలు కూడా 7.5 జారుతుంటే తేడా ఒకటిన్నరే. 6 వచ్చినాయన రెండో కాలు 2.5 దగ్గరే ఆగిపోతే తేడా మూడున్నర. అనుమానించాల్సింది ఈయన్నే. కొందరికి పుట్టుకతోనే కీళ్లు వదులు. అందుకే చూడాల్సింది రెండు కాళ్ల మధ్య తేడా. అది 3 మిల్లీమీటర్లు దాటితే ఏసీఎల్, అంటే ఆ ఎముక ముందుకు జారకుండా ఆపే లిగమెంట్, తెగి ఉండొచ్చని లెక్క.

ఆ లెక్కలోనే ఒక చిక్కుంది. ఒక్కో కాలి రీడింగ్‌లో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే, తేడాలో 2 మిల్లీమీటర్ల దాకా తప్పు రావచ్చు. మూడున్నర అని రాసింది నిజానికి ఒకటిన్నర కావచ్చు, అయిదున్నర కావచ్చు. గీత గీసిందేమో మూడు దగ్గర!

ఈ తప్పు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే కొలిచే తీరు చూడాలి. ఎక్కువగా వాడుకలో ఉన్నది కేటీ-1000 ఆర్థ్రోమీటర్ అనే పరికరం. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు తొడల కింద దిమ్మ పెట్టి, మోకాళ్లు 20 నుంచి 30 డిగ్రీలు వంగేలా చూస్తారు. పరికరాన్ని కాలి ముందువైపు కట్టి, దాని మీది బాణం గుర్తును కీలు గీతకు సరిపెడతారు. ఒక ప్యాడ్ మోకాలిచిప్ప మీద, రెండోది దాని కింద ఎముక బొడిపె మీద ఆనుతుంది. ఈ రెండింటి మధ్య కదలికే డయల్‌లో కనిపిస్తుంది. పిడి పట్టి లాగుతుంటే 67, 89, 134 న్యూటన్ల (లాగే బలం కొలత) దగ్గర బీప్ మోగుతుంది.

చిప్ప మీది ప్యాడ్‌ను అదిమే చెయ్యి కాస్త సడలినా రీడింగ్ మారిపోతుంది. పాదాలు పక్కకు తిరిగితే మారుతుంది. ఒకసారి వెనక్కి నెట్టి వదిలాక ముల్లు అదే సున్నాకు రాకపోతే మళ్లీ మొదటినుంచి చేయాలి. రద్దీ ఓపీలో ఆ ఓపిక ఉండదు. అన్నిటికంటే మోసం చేసేది తొడ వెనక కండరం. నొప్పికి భయపడి రోగి కాలు బిగబడితే ఆ కండరం ఎముకను వెనక్కి పట్టేస్తుంది, తెగిన లిగమెంట్ కూడా గట్టిగా ఉన్నట్టు అగుపిస్తుంది. మత్తిచ్చాక అదే కాలు ఎక్కువ జారుతుంది. కాబట్టి ఆపరేషన్ బల్ల మీద తీసిన అంకెను మెలకువలో తీసినదాంతో పోల్చకూడదు.

మన దగ్గర పుత్తూరు కట్టు కట్టించుకుని వారాల తర్వాత వచ్చేవాళ్లూ ఉంటారు. కట్టులో ఉన్న కాలు బిగుసుకుపోయి, తొడ కండ సన్నబడి ఉంటుంది. వాపు తగ్గి, కాలు వదులుగా చాపగలిగేదాకా ఆగి కొలిస్తేనే మేలు.

ఇంకో పొరపాటు పీసీఎల్‌ది, అంటే ఆ ఎముక వెనక్కి జారకుండా ఆపే లిగమెంట్‌ది. అది తెగితే ఎముక అప్పటికే వెనక్కి జారి ఉంటుంది. దాన్ని ముందుకు లాగితే మామూలు చోటికి వస్తుందంతే, డయల్ మాత్రం ఏసీఎల్ వదులని చూపిస్తుంది. మోకాలు 90 డిగ్రీలు వంచి, తొడ ముందు కండరం బిగించమంటే ఎముక ముందుకు కదులుతుందేమో ముందు చూసుకోవాలి.

ఇలాంటి పరికరాలు ఇంకా ఉన్నాయి. రోలీమీటర్ తేలికైనది, కానీ ఎంత బలంతో లాగామో చెప్పదు. జీఎన్‌ఆర్‌బీలో మోటారే నెడుతుంది, కండరం బిగుస్తోందా అని ఎలక్ట్రోడ్‌లు గమనిస్తాయి. అయితే చిప్ప మీది పట్టీ ఎంత బిగించామన్నదాన్ని బట్టి అదీ మారుతుంది. ఖరీదైన యంత్రం కంటే, రెండు కాళ్లకూ మూడేసి రీడింగులు తీసి, బలం, కోణం రాసిపెట్టే ఒకే చెయ్యి నయమని మా అభిప్రాయం. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా అదే మనిషి కొలిస్తే ఆ అంకెకు విలువ. రెండు మోకాళ్లూ దెబ్బతిన్నవాళ్లకు పోల్చడానికి బాగున్న కాలే ఉండదు, అక్కడ ఈ లెక్క సాగదు.

అలిపిరి మెట్లు దిగేటప్పుడు మలుపులో కాలు పెట్టగానే మోకాలు మెలితిరిగి జారిపోతోందంటారు కొందరు. ఈ పరికరాలు కొలిచేది ముందూ వెనక జారడాన్నే, మెలితిరగడాన్ని కాదు. తేడా 2 మిల్లీమీటర్లే వచ్చినా, అలా చెప్పే మనిషికి చేత్తో పివట్ షిఫ్ట్ పరీక్ష (మోకాలిని మెలితిప్పి జారుతుందేమో చూడడం) చేయకుండా పంపకూడదు.